అమీర్‌పేట శిక్షణ సంస్థలకు బహిరంగ లేఖ: పైథాన్ వచ్చాకే జాంగో చెప్పండి

అమీర్‌పేటలోనూ, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లిలోనూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నడుపుతున్న నిర్వాహకులకు, పొద్దున ఏడింటి బ్యాచ్ నుంచి రాత్రి బ్యాచ్ దాకా గొంతు అరిగేలా పాఠం చెప్పే ఫ్యాకల్టీకి నమస్కారం.

ఈ లేఖ ఒకే ఒక్క విన్నపం కోసం. ఏ వెబ్ ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టినా, దాన్ని ఏ భాషలో రాశారో ఆ భాషను ముందు విద్యార్థి చేతికి అందించండి. నాలుగు వేరియబుల్స్, రెండు లూప్‌లు, ఒక లిస్టు పైపైన చూపించి జాంగోలోకి దూకించడం కాదు. పక్కన ఎవరూ లేకుండా ఆ భాషలో ఒక చిన్న పని మొదలుపెట్టి ముగించగలిగేంతగా నేర్పండి.

ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. ఈ వరసను ఈ గల్లీల్లో పాటించిందే మీరు. ముందు కోర్ జావా. అది అయ్యాక అడ్వాన్స్‌డ్ జావా పేరుతో జేడీబీసీ, సర్వ్‌లెట్లు, జేఎస్పీ. ఆ తర్వాతే స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్. మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో దొరికే రన్నింగ్ నోట్స్ కూడా అదే వరసలో ఉండేవి. అలా నేర్చుకున్నవాళ్లు ఇవాళ హైటెక్ సిటీలోనే కాదు, డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ పెద్ద పెద్ద సిస్టమ్‌లు నడుపుతున్నారు.

ఇప్పుడు చాలాచోట్ల బోర్డు మీద ఉన్నది ఫుల్ స్టాక్. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, పైథాన్, జాంగో, మైఎస్‌క్యూఎల్, గిట్, కొసరుగా కొంచెం క్లౌడ్, అన్నీ ఒకే ప్యాకేజీలో. పేర్లు పెరిగినంతగా నెలలు పెరగలేదు. కోత పడాల్సి వచ్చినప్పుడు అది భాష మీదే పడుతోంది. ఎందుకంటే జాంగో పాఠం మొదటిరోజే తెర మీద ఒక పేజీ చూపిస్తుంది, అడ్మిన్ స్క్రీన్ చూపిస్తుంది. పైథాన్ పాఠం నల్లటి తెర మీద నాలుగు అంకెలు మాత్రమే చూపిస్తుంది. డెమో క్లాస్‌కి వచ్చిన కుర్రాడు దేనికి ఆకర్షితుడవుతాడో మీకు తెలుసు.

ఆ ఆకర్షణకు అతను తర్వాత ఎంత మూల్యం చెల్లిస్తాడో ఒక్క ఉదాహరణలో నిదానంగా చూడాలి.

జాంగోలో ఆర్డర్ల కోసం ఒక మోడల్ రాస్తున్నాడనుకోండి. ఆర్డర్ ఎప్పుడు వచ్చిందో దానంతటదే నమోదు కావాలి. అందుకని డేట్‌టైమ్ ఫీల్డ్‌కు డిఫాల్ట్ విలువగా టైమ్‌జోన్ డాట్ నౌ అని రాసి, అలవాటు కొద్దీ చివర రెండు బ్రాకెట్లు పెట్టాడు. ప్రోగ్రాం నడిచింది. ఆర్డర్ పెట్టి చూస్తే టైమ్ కూడా సరిగ్గానే పడింది. ప్రాజెక్టు సర్వర్ మీదికి వెళ్లింది. అక్కడ పొద్దున తొమ్మిదింటికి వచ్చిన ఆర్డరూ, సాయంత్రం ఆరింటికి వచ్చిన ఆర్డరూ ఒకే సమయం చూపిస్తున్నాయి. అది సర్వర్ స్టార్ట్ అయిన సమయం. మళ్లీ రీస్టార్ట్ చేసేదాకా వచ్చే ఆర్డర్లన్నిటికీ అదే సమయం పడుతుంది.

తన ల్యాప్‌టాప్‌లో ఇది ఎందుకు బయటపడలేదు? జాంగోతో వచ్చే డెవలప్‌మెంట్ సర్వర్, కోడ్ ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అందుకని అక్కడ సమయం ఎప్పుడూ దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది. జాంగో పాపం తన వంతు హెచ్చరిక తాను చేస్తుంది, స్థిరమైన విలువ ఇచ్చారు చూసుకోండి అని. మోడల్‌లో ఏ మార్పూ చేయకపోయినా మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ కొట్టిన ప్రతిసారీ కొత్త మైగ్రేషన్ ఫైలు పుట్టుకొస్తుంది, అది ఇంకో ఆనవాలు. కానీ ఆ హెచ్చరిక దేని గురించో, ఆ ఫైలు ఎందుకు పుడుతోందో అర్థం కావాలంటే రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఫంక్షన్ పేరు వెనక బ్రాకెట్లు పెడితే దాన్ని ఇప్పుడే నడపమని. పెట్టకపోతే ఆ ఫంక్షన్‌నే చేతికి ఇచ్చి, కావలసినప్పుడు నువ్వే నడుపుకో అని. రెండోది, క్లాస్ లోపల రాసిన వాక్యాలు ఆ ఫైలు మొదటిసారి లోడ్ అయినప్పుడు ఒక్కసారి నడుస్తాయి, ఆబ్జెక్ట్ తయారైన ప్రతిసారీ నడవవు.

ఈ రెండింటిలో ఏదీ జాంగో పాఠంలోది కాదు. రెండూ పైథాన్‌లోవే. ఫంక్షన్ పారామీటర్‌కు ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా ఇస్తే పాత కాల్‌లో చేర్చిన వస్తువులు కొత్త కాల్‌లో కూడా కనిపిస్తాయని పైథాన్ నేర్చుకున్న ప్రతివాడూ ఒకసారి ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం వెనక ఉన్నదీ ఇలాంటి నియమమే: డిఫాల్ట్ విలువ ఫంక్షన్ తయారైనప్పుడు ఒక్కసారే లెక్కకు వస్తుంది. దాన్ని నల్లటి తెర మీద, పది లైన్ల ప్రోగ్రాంలో ఒకసారి చూసినవాడు ఆర్డర్ల టైమ్ చూడగానే పట్టేస్తాడు. చూడనివాడు జాంగో సెట్టింగ్స్ ఫైలులో టైమ్‌జోన్ మారుస్తూ, డేటాబేస్‌ను తిట్టుకుంటూ రెండు రాత్రులు గడుపుతాడు.

మీ నోట్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జాంగో కొత్త వెర్షన్ సుమారు ఎనిమిది నెలలకోసారి వస్తుంది. 2017 చివర్లో వచ్చిన 2.0లో యూఆర్‌ఎల్ దారులు రాయడానికి పాత్ అనే కొత్త ఫంక్షన్ వచ్చింది. అంతకుముందు వాడుతున్న యూఆర్‌ఎల్ అనే ఫంక్షన్‌ను 2021 డిసెంబరులో వచ్చిన 4.0లో తీసేశారు. పాత జిరాక్స్ చూసి మొదటి లైన్ కొట్టిన విద్యార్థికి, ఆ పేరును ఇంపోర్ట్ చేయలేకపోతున్నానని ఎర్రర్ వస్తుంది. ఇంపోర్ట్ అంటే ఒక మాడ్యూల్ ఫైలు తెరిచి అందులో ఉన్న పేరును తెచ్చుకోవడమే అని తెలిసినవాడు, ఆ పేరు ఇప్పుడక్కడ లేదని గ్రహించి, ఉన్నదేమిటో చూసుకుని ముందుకు పోతాడు. తెలియనివాడికి ఆ పాఠం అక్కడే ఆగిపోతుంది. నోట్స్ పాతబడ్డాయని ఫ్యాకల్టీని తప్పుపట్టడం కాదు ఇది. ఎంత జాగ్రత్తగా రాసినా ఫ్రేమ్‌వర్క్ నోట్స్ పాతబడి తీరతాయి. ఇంపోర్ట్ పనిచేసే తీరు మాత్రం విద్యార్థి ఉద్యోగంలో చేరేదాకా కాదు, ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కరకొస్తుంది.

ఎర్రర్ చదవడమనేదే ఒక విద్య. పైథాన్ ఎర్రర్ వచ్చినప్పుడు పొడుగాటి ట్రేస్‌బ్యాక్ వస్తుంది. అందులో సగానికి పైగా జాంగో సొంత ఫైళ్ల పేర్లే. భాష రానివాడు మొదటి లైన్ దగ్గర మొదలుపెట్టి మధ్యలోనే బెదిరిపోతాడు. వచ్చినవాడు చివరి లైన్ ముందు చదువుతాడు. నన్‌టైప్ ఆబ్జెక్ట్‌కు ఫలానా ఆట్రిబ్యూట్ లేదు అని అక్కడ ఉంటే, ఎక్కడో తాను వస్తువు ఉందనుకున్నచోట ఏమీ లేదని అతనికి తెలుస్తుంది. అప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో కింది నుంచి పైకి వస్తూ తాను రాసిన ఫైలు పేరు ఎక్కడ కనబడిందో చూస్తాడు. ఆ లైన్‌కి వెళ్తే, డేటాబేస్‌లో వెతికి మొదటిది తెమ్మన్న చోట ఏదీ దొరకక నన్ వచ్చిందని అర్థమవుతుంది. అయిదు నిమిషాల పని. ఈ అయిదు నిమిషాల విద్య ఇవ్వకుండా పంపిస్తే ఆ విద్యార్థి ప్రతి ఎర్రర్‌కీ సీనియర్ టేబుల్ దగ్గరకు వెళ్లి నిలబడాలి. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడికి అంతకంటే అవమానం ఏముంటుంది?

జావా వైపు చూస్తే విషయం ఇంకా తీవ్రం. అక్కడ డబ్బు లెక్కలు ఉంటాయి.

స్ప్రింగ్‌లో ఒక మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అనే ఆనొటేషన్ పెడితే, లోపల జరిగే డేటాబేస్ పనులన్నీ కలిసి జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. పాఠంలో ఇంతవరకు అందరూ చెబుతారు. విద్యార్థి ఒక సర్వీస్ క్లాస్ రాశాడు. అందులో ఒక మెథడ్ ఆర్డర్ తీసుకుంటుంది, అదే క్లాస్‌లోని ఇంకో మెథడ్‌ను పిలుస్తుంది. రెండోదాని మీద ట్రాన్సాక్షనల్ ఉంది. అది ఖాతాలోంచి డబ్బు తీసి, స్టాక్ తగ్గించాలి. స్టాక్ దగ్గర ఎర్రర్ వచ్చింది. డబ్బు మాత్రం పోయింది, వెనక్కి రాలేదు. ఆనొటేషన్ అక్కడే ఉంది కదా!

ఉంది. కానీ స్ప్రింగ్ మామూలుగా ఆ పని చేసేది ప్రాక్సీ ద్వారా. అసలు ఆబ్జెక్ట్‌కు ముందు ఇంకో ఆబ్జెక్ట్‌ను నిలబెడుతుంది. బయటి నుంచి వచ్చిన కాల్ ఆ ప్రాక్సీని తాకుతుంది, అది ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ తర్వాత అసలు ఆబ్జెక్ట్‌ను పిలుస్తుంది. అదే క్లాస్ లోపలి నుంచి పిలిచినప్పుడు జావాలో ఆ కాల్ దిస్ మీదనే జరుగుతుంది, అంటే అసలు ఆబ్జెక్ట్ మీదే. ప్రాక్సీకి ఆ కాల్ వచ్చినట్టే తెలియదు. ట్రాన్సాక్షన్ మొదలు కాదు. దిస్ అంటే ఏమిటి, ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటి, ఒక ఆబ్జెక్ట్ స్థానంలో ఇంకొకటి ఎలా నిలబడగలదు? ఇవన్నీ కోర్ జావాలో పాలిమార్ఫిజం పాఠంలో ఉండేవే.

ఇంకో సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. చెక్డ్ ఎక్సెప్షన్‌కు, అన్‌చెక్డ్ ఎక్సెప్షన్‌కు తేడా ఏమిటన్నది జావా ఇంటర్వ్యూల్లో తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న. విద్యార్థులు జవాబు బట్టీపట్టి చెబుతారు, మార్కులు పడతాయి. కానీ అదే తేడా స్ప్రింగ్‌లో డబ్బును కాపాడుతుంది. మనం వేరే చెప్పకపోతే, రన్‌టైమ్ ఎక్సెప్షన్ లేదా ఎర్రర్ వచ్చినప్పుడే స్ప్రింగ్ ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ బయటికి వస్తే అప్పటిదాకా జరిగినదాన్ని ఖాయం చేసేస్తుంది. కోర్ జావాలో ఆ తేడాను చేత్తో రాసి, త్రో చేసి, క్యాచ్ చేసి చూసిన విద్యార్థికి ఈ వాక్యం ఒక్కసారి చెబితే చాలు. చూడనివాడికి పదిసార్లు చెప్పినా అది గుర్తుపెట్టుకోవలసిన ఇంకో లైనే.

జావాస్క్రిప్ట్‌దీ అదే దారి. రియాక్ట్‌లో సెకనుకొకటి పెరగాల్సిన కౌంటర్ ఒకటి దగ్గరే ఆగిపోయిందంటే కారణం క్లోజర్: టైమర్‌కిచ్చిన ఫంక్షన్, తాను పుట్టినప్పటి పాత కౌంట్‌నే ఇంకా పట్టుకుని కూర్చుంది. రూబీ నేర్చుకోకుండా రైల్స్‌లోకి వచ్చినవాళ్లకు, రెండు రోజుల కిందటి తేదీని 2 డాట్ డేస్ డాట్ అగో అని రాసుకోగలగడం రూబీ గొప్పతనమే అనిపిస్తుంది. ఉత్త రూబీలో అదే రాస్తే అలాంటి మెథడ్ లేదంటుంది. దాన్ని చేర్చింది రైల్స్. ఎక్కడ భాష ముగిసి ఎక్కడ ఫ్రేమ్‌వర్క్ మొదలైందో తెలియకపోతే, వెతకాల్సిన చోటు కూడా తెలియదు.

ఈ ఫ్రేమ్‌వర్క్‌లు పుట్టిన తీరు చూసినా భాషే ముందు. యుకిహిరో మట్సుమోటో రూబీని 1995లో బయటపెట్టారు. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్, బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్‌ను రూబీలో రాస్తూ, అందులోంచి పదేపదే అవసరమైన భాగాలను విడదీసి 2004లో రైల్స్‌గా విడుదల చేశారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రిక వెబ్ విభాగంలో ఆడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో పీహెచ్‌పీ వదిలి పైథాన్‌కు మారారు. వార్తల గడువుల మధ్య సైట్లు కట్టాల్సి వచ్చి వాళ్లు రాసుకున్న కోడే 2005లో జాంగోగా అందరి చేతికీ వచ్చింది. భాషలో పనిచేస్తూ పోగా మిగిలిన అనుభవం అది. జాంగో డాక్యుమెంటేషన్ కూడా పైథాన్‌కు కొత్తవాళ్లను ముందు ఆ భాషతో పరిచయం పెంచుకోమనే చెబుతుంది.

మీ వైపు మాట కూడా ఉంది, దాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో బ్యాగు భుజాన వేసుకుని వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగిన అమ్మాయికి ప్రతి నెలా అద్దె, మెస్ బిల్లు ఉంటాయి. ఇంట్లో ఫోన్ చేసిన ప్రతిసారీ ఉద్యోగం ఎప్పుడని అడుగుతారు. కోర్సు నెల పొడిగిస్తే ఆ భారం ఆ ఇంటి మీదే పడుతుంది. పైగా మొదటి రోజే తెర మీద తాను చేసిన పేజీ కనిపిస్తే వచ్చే ఉత్సాహం చిన్నదేమీ కాదు. ఆ ఉత్సాహంతోనే నిలబడిపోయినవాళ్లు ఉన్నారు. రైల్స్ ద్వారానే రూబీలోకి వచ్చి మంచి ప్రోగ్రామర్లు అయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అయితే వాళ్లలో చాలామందికి అప్పటికే జావానో, పీహెచ్‌పీనో వచ్చు. ఒక భాష చేతిలో ఉన్నవాడు రెండో భాషను ఫ్రేమ్‌వర్క్‌తో కలిపి నేర్చుకోగలడు, అతనికి కొత్తవి తేడాలే. బీకామ్ చదివో, మెకానికల్ చదివో మీ దగ్గరకు వచ్చిన విద్యార్థికి అది మొదటి భాష. ఇద్దరినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి ఒకే వేగంతో లాగడం రెండోవాడికి అన్యాయం.

భాష మొత్తం నేర్పమని ఎవరూ అడగడం లేదు. పైథాన్‌లో మెటాక్లాసులు, అసింక్ లోతులు తర్వాత వచ్చినా ఏమీ కాదు. ఫంక్షన్‌ను విలువలా చేతులు మార్చడం, డిక్షనరీ, క్లాస్, ఇన్‌హెరిటెన్స్, సెల్ఫ్, ఎక్సెప్షన్, మాడ్యూల్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, డెకరేటర్. ఇవి చేత్తో రాసి ఉంటే చాలు. లాగిన్ రిక్వైర్డ్ అని ఫంక్షన్ నెత్తిన ఒక ఎట్ గుర్తు పెట్టినప్పుడు, ఆ ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌కిచ్చి తిరిగొచ్చినదాన్ని అదే పేరుతో పెట్టుకున్నామని తెలిస్తే, జాంగోలో సగం భయం పోతుంది.

భాషకూ ఫ్రేమ్‌వర్క్‌కూ మధ్య వేయదగ్గ అడుగు కూడా ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. పైథాన్‌తో పాటే వచ్చే డబ్ల్యూఎస్‌జీఐరెఫ్ అనే మాడ్యూల్‌తో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయించండి. బ్రౌజర్ నుంచి వచ్చిన అభ్యర్థన వివరాలు ఒక డిక్షనరీగా వస్తాయి. దాంతోపాటు స్టేటస్, హెడర్లు పంపడానికి ఒక ఫంక్షన్ చేతికొస్తుంది. తిరిగి ఇవ్వాల్సింది బైట్ల లిస్టు. ఇరవై లైన్లు దాటదు. పాత్ చూసి ఒక పేజీ, ఇంకో పాత్‌కు ఇంకో పేజీ, లేకపోతే 404 ఇవ్వమనండి. మర్నాడు జాంగో ప్రాజెక్టు తెరిచి, అందులో డబ్ల్యూఎస్‌జీఐ పేరుతో ఉన్న ఫైలు చూపించండి. తాను నిన్న రాసిందే ఇక్కడ పెద్దదై కూర్చుందని విద్యార్థికి మీరు చెప్పక్కర్లేదు. జావాలో ఈ అడుగు మీకు ముందే ఉంది. అడ్వాన్స్‌డ్ జావాలో చేత్తో రాయించిన సర్వ్‌లెట్ అదే. స్ప్రింగ్‌లో అభ్యర్థనలన్నీ అందుకునే డిస్పాచర్ సర్వ్‌లెట్ కూడా పేరులో ఉన్నట్టే ఒక సర్వ్‌లెట్. ఆ పాఠం పాతబడిందని తీసేసినచోట మళ్లీ పెట్టండి.

ఫ్రేమ్‌వర్క్ ఆయుష్షు గురించి మీకంటే బాగా ఎవరికి తెలుసు? స్ట్రట్స్ 1 కోసం నిండిపోయిన బ్యాచ్‌లు మీరు చూశారు. 2013లో దాని నిర్వహణను అపాచీ సంస్థే ఆపేసింది. 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్, 2016లో పూర్తిగా తిరగరాసిన కొత్త యాంగులర్‌కు దారి ఇచ్చింది. పాతదానికి గూగుల్ మద్దతు 2021 ముగిసేసరికి ఆగింది. స్ట్రట్స్ పోయినా జావా పోలేదు, యాంగులర్‌జేఎస్ పోయినా జావాస్క్రిప్ట్ పోలేదు. భాషలు కూడా మారతాయి, పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. అయినా పైథాన్ 2 బాగా వచ్చినవాడికి 3 నేర్చుకోవడం కొత్త కోర్సు కాలేదు.

ఇప్పుడు కోడ్ రాసిచ్చే ఏఐ సాధనాలు ఉన్నాయి కదా అనే మాట కూడా వినిపిస్తోంది. జాంగో మోడల్ కావాలంటే క్షణంలో ఇస్తాయి, నిజమే. ఇచ్చినదాంట్లో టైమ్‌జోన్ డాట్ నౌ వెనక బ్రాకెట్లు ఉన్నాయో లేవో చూసి, ఉంటే తీసేయాల్సింది మాత్రం మీ దగ్గర చదువుకున్న విద్యార్థే.

అందుకని అడుగుతున్నవి కొన్ని పనులు. ప్యాకేజీ వివరాలిచ్చే కాగితంలో, కోర్సు మొత్తం గంటల్లో భాషకు ఎన్ని, ఫ్రేమ్‌వర్క్‌కు ఎన్ని అన్నది విడివిడిగా ముద్రించండి. ఫీజు కట్టే తల్లిదండ్రులకు అది తెలియాలి. మొదటి భాష నేర్చుకునేవారికి, ఇంతకుముందే ఒక భాష వచ్చినవారికి వేరు వేరు బ్యాచ్‌లు పెట్టండి. గంటలు పెంచలేకపోతే ప్యాకేజీలో పేర్లు తగ్గించండి, క్లౌడ్ పోయినా ఫర్వాలేదు. జాంగో మొదలయ్యే ముందురోజు ఒక చిన్న పరీక్ష పెట్టండి: కిరాణా కొట్టు బాకీల ఫైలు ఒకటి ఇచ్చి, ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చమనండి. అందులో రెండు లైన్లు కావాలనే తప్పుగా ఉంచండి, అంకె ఉండాల్సినచోట అక్షరాలు. ప్రోగ్రాం ఆగిపోకుండా ఆ లైన్ల నంబర్లు చెప్పి మిగతాది లెక్కకట్టాలి. నెట్ లేకుండా, ఫోన్ పక్కన పెట్టి, రెండు గంటలు. రాయలేకపోయినవాళ్లను వెనక్కి పంపకండి, తర్వాతి పైథాన్ బ్యాచ్‌లో అదనపు ఫీజు లేకుండా మళ్లీ కూర్చోనివ్వండి. ఈ పద్ధతి ఇప్పటికే పాటిస్తున్న ఫ్యాకల్టీ మీలో ఉన్నారు. వాళ్ల ప్రశ్నపత్రాలు, వాళ్ల ఇరవై లైన్ల సర్వర్లు పక్క సంస్థలకు కూడా ఇవ్వండి.